ఒరిగిన అక్షరం

పటాన్‌చెరులో నా డీటీపీ షాపుకొచ్చేవాళ్లలో సగంమంది అడిగేది ఒకటే: "రిచ్ లుక్ కావాలె మేడమ్." వాళ్ల మనసులో ఉన్న ఇంగ్లిష్ ఫాంట్ ఏదో నాకు తెలుసు. మొత్తం కుడివైపుకు ఒరిగి ఉంటుంది. గీత కిందికి దిగేచోట వేలంత లావు, పైకి ఎక్కేచోట వెంట్రుకంత సన్నం, కొసల్లో చిన్న చిన్న కొక్కేలు. పెద్దగా వేస్తే పట్టుచీర కట్టుకున్నట్టు ఉంటుంది. విజిటింగ్ కార్డు మీద చిన్నగా వేస్తే సన్నగీతలన్నీ మాయమై లావు ముక్కలే మిగులుతాయి. ఈ సంగతి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా ఎవరూ వినరు. పెళ్లికార్డు, బేకరీ డబ్బా, బ్యూటీపార్లర్, కొత్త అపార్ట్‌మెంట్లు, అన్నిటికీ అదే కావాలి. ఏళ్ల తరబడి వేసి వేసి విసుగొచ్చింది. ఇప్పుడైతే ఆ ఫాంటంటే భయం. లిస్టులో దాని పేరు మీదికి వెళ్లగానే నా చెయ్యి ఆగిపోతుంది.

రెండేళ్ల కిందట ఒకమ్మాయి వచ్చింది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల కంపెనీలో ప్యాకింగ్ పని మానేసి, మెయిన్ రోడ్డు మీద జాకెట్లు కుట్టే షాపు పెడుతోంది. షాపుకు తన పేరే పెట్టుకుంది. ఒక్కో ఫాంటూ చూపిస్తుంటే దీని దగ్గర ఆగింది.

"అక్కా, గిది పెట్టు. కొంగు జారినట్టు ఎంత మంచిగుందో!"

"కుట్టే షాపు మీద కొంగు జారడమేమిటే తల్లీ?" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

వాళ్లమ్మకు చదువు రాదు. ఊళ్లో పొలం చూసుకునేది. మధ్యాహ్నానికి అన్నం గిన్నె పట్టుకుని ఆటోలో కూతురి దగ్గరికొచ్చేది. ఆ వరసలో షాపులన్నీ ఒక్కలాగే ఉంటాయి. "గా ఒరిగిన రాత కనవడంగనె ఆటో ఆపుమంట," అని నాతో చెప్పింది ఒకసారి. కూతురి పేరును ఆమె చదవలేదు. చూసి గుర్తుపట్టేది.

కిందటి వానాకాలంలో ఆ అమ్మాయి జ్వరంతో పోయింది. నాలుగంటే నాలుగు రోజులు. ఆ వారం నేను ఆ రోడ్డు మీదుగా వెళ్లలేకపోయాను.

వాళ్ల కుటుంబాల్లో ఎవరైనా పోతే సొంత పొలంలోనే సమాధి కట్టి, నల్లరాయి మీద పేరు చెక్కించి నిలబెడతారు. తల్లి నా దగ్గరికే వచ్చింది. "షాపు మీద ఎట్లుండెనో గట్లనే గావాలె బిడ్డా. ఏరే తీరుగ వద్దు," అని రెండుసార్లు చెప్పి వెళ్లింది. నేను అలాగే చేసి రాయి చెక్కేవాడికి పంపాను. మర్నాడు అతను ఫోన్ చేశాడు. "మేడమ్, గీ సన్నగీతలు రాయిల నిలవయి. పెచ్చులు లేస్తయి."

అతను చెప్పింది నిజమే. అందుకని అదే పేరును నిటారుగా, అంతటా ఒకే లావుండే అక్షరాల్లోకి మార్చి పంపేశాను. తల్లిని ఒక్క మాట అడగాలని తోచలేదు. చదువు రాని మనిషికి ఏ ఫాంటైతే ఏముందిలే అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది.

రాయి నిలబెట్టిన రోజు నేనూ వెళ్లాను. పొలానికి మూడు వైపులా ఫ్యాక్టరీ గోడలే. రాయి మీద గుడ్డ తీశారు. పూలపళ్లెం పట్టుకున్న తల్లి కాసేపు దానివంకే చూసి, "మా బిడ్డ పేరేది?" అంది.

కొడుకు ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూపించాడు. "గిదే గదమ్మా."

"గిది కాదు. గిదెవలిదో." ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. పళ్లెంలో పూలు పళ్లెంలోనే ఉండిపోయాయి. ఆ తప్పు నాదేనని చెప్పకుండానే అక్కణ్నుంచి వచ్చేశాను.

ఆమెకు అదైనా తెచ్చిద్దామని షాపు బోర్డు దగ్గరికి పరుగెత్తాను. మడిగె అద్దెకిచ్చిన యజమాని అప్పటికే దింపేశాడు. ఆ ఫ్లెక్సీని ఎవరో కట్టెల మోపు మీద కప్పుకోవడానికి తీసుకెళ్లారట. నా కంప్యూటర్లో ఉన్నదాన్నే కాగితం మీద తీసి, లామినేషన్ చేయించి, వాళ్లింటికి పట్టుకెళ్లి రాయి సంగతంతా చెప్పాను. ఆమె కాగితాన్ని కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

కిందటి నెల అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ హోర్డింగ్ ఎలా వచ్చిందో చూద్దామని వెళ్లాను. దాని కింద ఆ అమ్మాయి తల్లి నిలబడి ఉంది. ఎవరో బంధువులింటికి వచ్చిందట. లామినేషన్ కాగితాన్ని పైకెత్తి, ఒకసారి దాన్నీ ఒకసారి హోర్డింగునూ చూస్తోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"సూడు బిడ్డా, గదే గద?"

హోర్డింగ్ మీద ఉన్నవి మూడు బెడ్‌రూముల ఫ్లాట్లు, బుకింగ్ మొదలైందన్న మాటలు. ఆమె బిడ్డ పేరు ఎక్కడా లేదు. అదే ఫాంట్, అదే వాలు.

"అవునమ్మా, అదే," అన్నాను.

"గింత పెద్దగ ఎవలు రాసిండ్రు?"

"నేనే."

ఆ ఒక్కటీ అబద్ధం కాదు. ఆ హోర్డింగ్ డిజైన్ చేసింది నేనే. ఆమె నా చెంపలు రెండూ తడిమి మెటికలు విరిచింది. "సల్లగుండు బిడ్డా," అంది.

ఇప్పుడు వారానికోసారి పూలు తీసుకుని ఆటోలో ఆ హోర్డింగ్ దగ్గరికి వెళ్తోందట. కొడుకు ఫోన్ చేసి, "అమ్మకేం చెప్పినవక్కా?" అని అడిగాడు. నిన్న బిల్డర్ మనిషి షాపుకొచ్చాడు. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి, నెలాఖరుకు హోర్డింగ్ దింపేస్తామన్నాడు. ఆమెకు ఆ మాట ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.