తేనెపిట్ట గూటికి కట్టిన కుచ్చులు

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతి చదువుతున్న ఏడు, ఉగాదికి ముందు వచ్చిన ఆదివారం. ఆ రోజు కొత్తవాడలోని మా వాకిట్లో ఉన్నవాళ్లు: మగ్గం మీద మా తాతయ్య, దారపు కండెలు చుడుతూ పక్కింటి దాదీ, నేను. అమ్మ వంటింట్లో ఉంది. పిట్టలనూ ఈ లెక్కలో చేర్చాలి. గూట్లో రెండు పిల్లలు, బయట వాటి తల్లీ తండ్రీ.

మా తాతయ్య జంపఖానాలు నేసేవాడు. రంగు అద్దిన నూలు ఆరేయడానికి వాకిట్లో ఒక దండెం ఉండేది. ఆ ఏడు దాని చివర, గోడకు దగ్గరగా, పిట్ట గూడు కట్టింది. తాతయ్య నూలునంతా మిగతా సగంలోనే సర్దుకునేవాడు. మగపిట్ట ఎండ తగిలినప్పుడు నీలంగా, ఊదాగా మెరిసేది. దానిమ్మ కొమ్మ చివర కూర్చుని ఆగకుండా పాడేది. దాన్ని చూస్తూ నేను అన్నం తినడం మరిచిపోయేదాన్ని.

పేరేమిటని అడిగితే తాతయ్య తేనెపిట్ట అన్నాడు. దాదీ ఒప్పుకోలేదు.

"మేం శకర్‌ఖోరా అంటం బేటీ. చక్కెర తినేటిదన్నట్టు."

"పువ్వుల మీద బతికేదానికి చక్కెర ఏడ దొరికింది ఆపా?" అన్నాడు తాతయ్య. ఆపా అంటే అక్క; దాదీని ఆయన అలాగే పిలిచేవాడు.

"నీ తేనె మాత్రం దుకాణంల దొరికిందా భయ్యా?"

అప్పటికి నాకు డైరీ లేదు. కాపీ పుస్తకం చివరి పేజీలో రెండు పేర్లూ, వాటి అర్థాలూ రాసుకున్నాను. ఇంత తియ్యని పేర్లున్న పిట్టకు ఆ గూడు మాత్రం సిగ్గుచేటనిపించింది. ఎండుటాకులు, బెరడు ముక్కలు, సాలెగూళ్లు, పురుగుల రెట్ట. గాలికి కొట్టుకొచ్చి దండేనికి చిక్కుకున్న చెత్తలా ఉండేది. మా ఇంట్లో రంగుకు కొదవ లేదు. మగ్గం కింద రాలిన ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దారపు ముక్కలు ఏరుకున్నాను. తల్లిపిట్ట ఎగిరిపోయిన వేళ చూసి, పీట మీద పీట వేసుకుని ఎక్కి, గూటి వాకిలి చుట్టూ వాటిని దోపాను. కింద కుచ్చులు కట్టాను. జంపఖానా అంచుకు కుచ్చులు కట్టడం చూస్తూ పెరిగిన చేతులు కదా, ముళ్లు గట్టిగానే పడ్డాయి.

తల్లి వచ్చింది. దానికి మగదాని మెరుపేమీ లేదు. మట్టి రంగు వీపు, వెలిసిన పసుపు పొట్ట. ముక్కున ఏదో పట్టుకొచ్చింది. గూటి ముందు రెక్కలాడిస్తూ ఒక్క క్షణం నిలిచి, మళ్లిపోయి దానిమ్మ మీద వాలింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మధ్యాహ్నానికి పిల్లల అరుపు సన్నబడింది. నాకు భయం వేసింది. గిన్నెలో చక్కెర నీళ్లు కలుపుకుని, దూది పట్టుకుని పీట ఎక్కబోయాను. దాదీ నా రెక్క పట్టుకుని కిందికి దింపింది.

"ఏం జేస్తానవే?"

"పిల్లలకు చక్కెర నీళ్లు పోస్తాన దాదీ. చక్కెర తింటదని నువ్వే చెప్పినవు గదా."

"పేరు ఇని పిల్లలను సాదుతరా? పెద్దయినంక తియ్యటిది. పసిపోరలకు పురుగులే గావాలె, అయి తల్లే తేవాలె." అప్పుడు ఆమె చూపు గూటి మీద పడింది. "అగో, ఆ కుచ్చులేంది? కాకిని దావత్‌కు పిలిచినవా?"

నేను ఏడ్చేశాను. దాదీ నన్ను దగ్గరకు తీసుకుని నెమ్మదిగా చెప్పింది. మగది మెరుస్తుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. తల్లి మట్టి రంగులో ఉండి, గూటిని చెత్తలా కట్టి, పిల్లల మీద ఎవరి కన్నూ పడకుండా చూసుకుంటుంది. చెప్పడం అయ్యాక కండెల బుట్టలోంచి చిన్న కత్తెర తీసింది. ఒక చేత్తో దండెం కదలకుండా పట్టుకుని, ఒక్కొక్క దారమూ కత్తిరించింది. ముళ్లను లాగలేదు. లాగితే గూడే ఊడి వస్తుంది.

అంతలో తాతయ్య చేతిలోని పంజాను, పోగులను దగ్గరకు కొట్టే ఆ ఇనుప గోళ్ల పనిముట్టును, పక్కన పెట్టి లేచాడు.

"నీ సప్పుడు దానికి అలవాటే గదా భయ్యా," అంది దాదీ.

"అలవాటే. కానీ ఇయ్యాల బెదిరింది ఆపా. జర నిమ్మళం గానీ."

పగటి వెలుగు ఉండగా ఆయన మగ్గం ఆపడం నేను అంతకుముందు చూడలేదు. దాదీ తన ఇంటికి వెళ్లింది. మేం లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాం. చీకటి పడేదాకా చెవి తలుపుకు ఆనించి కూర్చున్నా నాకేమీ వినబడలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు తెల్లవారగానే తలుపు తీశాను. దాదీ అప్పటికే పిట్టగోడ అవతల నిలబడి ఉంది, నోటి మీద వేలు పెట్టుకుని. తల్లిపిట్ట ముక్కున సాలెపురుగుతో వచ్చి గూటి అంచున వాలింది. లోపల ఒక నోరు తెరుచుకుంది. రెండోదాని కోసం ఊపిరి బిగబట్టాను. అదీ తెరుచుకుంది. ఆనందం పట్టలేక దండెం వైపు ఉరకబోయాను.

"చేతులు ఎన్కకు పెట్టుకో బేటీ," అంది దాదీ గుసగుసగా. "కండ్లతోటి చూడు, సాలు."

చాలా ఏళ్లకు నాకు మనవరాలు పుట్టింది. దవాఖానలో తొట్టి దగ్గరికి వెళ్లినప్పుడు, ఎత్తుకొమ్మని అందరూ అంటున్నా, నేను కాసేపు చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డాను.