నాయన మాటను ఇంగ్లీషులో చెప్పిన రోజు

మొన్న పేపరు జిల్లా పేజీలో ఒక ఫోటో పడింది. జీవవైవిధ్యాన్ని కాపాడడానికి దేశాలన్నీ చేతులు కలపాలని కర్నూలులో సదస్సు జరిగిందట. వేదిక మీద విదేశీ అతిథుల నడుమ శాలువా కప్పుకొని కూర్చున్న ముసలాయనను చూడగానే గుర్తుపట్టాను. జుట్టు పోయింది, కళ్ళజోడు వచ్చింది, ఆ నవ్వు మాత్రం పోలేదు. ఇప్పటికైనా మరిచిపొమ్మని ఇంట్లోవాళ్ళు అంటారు. నేను మరిచిపోయే మనిషిని కాను. నా ఈడువాళ్ళలో మాట పడి దిగమింగుకున్నవాళ్ళు ఉంటే, వాళ్ళకు చెప్పుకుంటున్నాను.

మాది నందికొట్కూరు దగ్గర ఒక ఊరు. ఊరి పొలాలు దాటితే రాళ్ళూ, పొట్టి గడ్డీ తప్ప మరేమీ లేని పెద్ద బీడు. మా నాయన గొర్రెలూ, చిన్నాయన గొర్రెలూ అక్కడే మేసేవి. బట్టమేక పిట్ట ఉండేది కూడా అక్కడే. పొడుగాటి మెడతో, ఎవరి పొలమో కొనడానికి వచ్చిన ఆసామిలాగా, అది నిదానంగా అడుగులు వేస్తూ తిరిగేది. నేల మీదే గుడ్డు పెట్టే పిట్ట కావడంతో, గుడ్డు కంటపడితే పిల్ల లేచి తిరిగేదాకా నాయన మందను ఆ దిక్కుకు పోనిచ్చేవాడు కాదు. అలా చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఆ పిట్ట లోకంలోనే అరుదైపోయిందని తెలిసి, బీడు చుట్టూ కంచె వేయాలని పైవాళ్ళు అనుకున్నారు. సహాయం చేయడానికి వచ్చిన విదేశీయులను వెంటబెట్టుకొని, ఇప్పుడు ఫోటోలో ఉన్న ఈ ఆఫీసరు మా ఊరికి వచ్చాడు. అప్పటికి నేను మిషను బడిలో కొత్తగా టీచరుగా చేరాను, ఇంగ్లీషు బాగానే వచ్చు. విదేశీయులలో ఒక పెద్దావిడ నాయనను చూపించి, ఈయన ఏమంటున్నాడని అడిగింది. నాయన తలగుడ్డ తీసి చేత పట్టుకొని చెప్పాడు.

"గొర్రెలు తిరుగుతాంటేనే గడ్డి పొట్టిగా ఉంటాది సార్. గడ్డి లేస్తే ఆ పిట్ట ఈడ నిలబడదు. కంచె ఏస్తే ఏసుకోండి, ఎండకాలం మాత్రం మా మందను లోపలికి రానీయండి."

ఆఫీసరు ఆవిడ వైపు తిరిగి, పిట్ట కోసం బీడు వదులుకోవడానికి ఈయన సంతోషంగా ఒప్పుకుంటున్నాడని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి, నాయన చెయ్యి పట్టుకొని ఊపింది. నాయన మాట ఫలించిందనుకొని నవ్వాడు. నేను ముందుకు వెళ్ళి, ఆయన అన్నది అది కాదని ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. ఆఫీసరు నా వైపు కూడా చూడకుండా, తెలుగులో, "నువ్వు పోయి టీ సంగతి చూడమ్మా" అన్నాడు. అతిథులు అప్పటికే జీపు వైపు నడుస్తున్నారు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్తే, చిన్నాయన అరుగు మీద కూర్చొని నాయనను ఆటపట్టించాడు. "ఏమన్నా, దొరసానికి బీడంతా రాసిచ్చినావంటనే. మాకు ఒక్క మాటన్నా చెప్పకపోతివి." నవ్విన నోటితోనే తర్వాత ఏడ్చాడు. కంచె పడింది, అలవాటు చొప్పున లోపలికి దూరిన మందను పట్టుకుపోయి బందెలదొడ్డిలో కట్టేశారు. జరిమానా కట్టి విడిపించుకున్న గొర్రెలను సంతలో అమ్మేసి నాయన నందికొట్కూరులో ఒక శెట్టిగారి మండీలో మూటలు మోశాడు. ఆదివారం ప్రార్థనలో ఆ ఆఫీసరును క్షమించానని దేవునికి చెప్పుకున్నాడు కూడా. "నువ్వూ ఇడ్సిపెట్టు పాపా" అన్నాడు. నాయన చెప్పినవన్నీ విన్నాను గానీ, అదొక్కటి వినలేదు.

గడ్డి మొలలోతు లేచింది, పిట్టలు తగ్గిపోయాయి. కారణం తెలుసుకోవడానికి విదేశీయులు మళ్ళీ వచ్చారు. ఆ పెద్దావిడా వచ్చింది. దుబాసీగా రావలసిన మనిషి జ్వరపడడంతో, ఊళ్ళో ఇంగ్లీషు టీచరు ఉందని ఎవరో చెప్పగా, ఆఫీసరు నాకే కబురు పంపాడు. నన్ను గుర్తుపట్టలేదు. బడి ఆవరణలో ఊరంతా కూర్చుంది, నాయన వెనక వరుసలో ఉన్నాడు. ఊరివాళ్ళ మాట చెప్పమనగానే, అన్నిటికంటే ముందు చెప్పవలసిన పాత మాట ఒకటి మిగిలిపోయిందని చెప్పి, నాయనను లేపి నిలబెట్టి, ఆ రోజు ఆయన అన్నదీ, దాన్ని ఈ ఆఫీసరు ఏమని మార్చాడన్నదీ ఇంగ్లీషులో చెప్పి, మళ్ళీ తెలుగులో ఊరికి చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి, ఇది నిజమేనా అని ఆఫీసరును అడిగింది.

"నాకు గుర్తు లేదు" అన్నాడాయన.

"నాకుంది సార్" అన్నాను.

ఆయన ముఖం వాడిపోవడం చూస్తూ నేను అనుభవించిన సుఖాన్ని ఏ పండుగా నాకు ఇవ్వలేదు, ఇలా రాసుకోవడానికి సిగ్గూ లేదు. సమావేశం అయ్యాక ఆవిడ వచ్చి నాయన చెయ్యి మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఆయన నవ్వలేదు.

ఎండకాలంలో మందలను లోపలికి వదలవచ్చని ఆ తర్వాత కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది, కంచెకు ఒక గేటు పెట్టారు. అప్పటికి మా ఊళ్ళో గొర్రె అన్నది లేదు. నాయన ఒకసారి వెళ్ళి ఆ గేటు దగ్గర చాలాసేపు నిలబడి వచ్చాడు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ పిట్టను చూశామని చెప్పేవాళ్ళూ మా ఊళ్ళో లేరు. పేపరులో ఆ శాలువా మనిషి నవ్వుతున్నాడు. ఎండకాలం వస్తే మా ఊరివైపు గేటు ఇప్పటికీ తెరుస్తారు, లోపలికి గాలి ఒక్కటే పోయి వస్తుంది.