మిద్దె మీద ఏసీకి కట్టిన బండల ఇల్లు

మా నాయనకు బండల మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. మైదుకూరులో కడప రోడ్డు పక్కన ఆయనకు బండల అంగడి ఉంది. అందుచేత వేరే ఇళ్లలో చెక్కతో, ఇనుముతో చేయించుకునేవన్నీ మా ఇంట్లో నల్ల బండతో ఉంటాయి. అలమర అరలు బండ. టీవీ పెట్టే గట్టు బండ. నేను చదువుకునే బల్ల కూడా బండే. చలికాలం మోచెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది, ఎండాకాలం ఆనిస్తే చురుక్కుమంటుంది. అలాంటి మనిషి నిరుడు ఏసీ కొన్నాడు.

ఏసీ అంటే రెండు పెట్టెలు. చల్లగాలి ఇచ్చేది గదిలో గోడకు ఉంటుంది. ఆ గదిలోని వేడిని లాగి బయటికి ఊదేది మిద్దె మీద ఉంటుంది. బిగించడానికి వచ్చినవాళ్లు రెండోదాన్ని ఆరుబయట పెట్టి పోయారు. నాయన దాన్ని చూసి నొచ్చుకున్నాడు. బండల అంగడి పెట్టుకుని, అంత ఖరీదైన వస్తువును రోహిణీకార్తె ఎండకు వదిలేయడమా? వారం తిరగకముందే దాని చుట్టూ నాలుగు పక్కలా బండలు నిలబెట్టించి, పైన ఒక బండ కప్పి, అతుకులకు సిమెంటు పూయించాడు. ముందు బండకు మాత్రం అరచెయ్యి పట్టేంత కంత కొట్టించాడు, గాలి ఆడడానికట. వేడిని బయటికి ఊదడం తప్ప వేరే పని లేని యంత్రాన్ని రాతిగదిలో పెట్టి మూసేసి, అది చల్లగా ఉంటుందని మురిసిపోయిన మనిషి నాకు తెలిసి లోకంలో ఆయనొక్కడే.

ఒక్కడే అన్నది తప్పు. అంగడి దగ్గర కూర్చునే పెద్దమనుషులు మిద్దెక్కి చూసి పోయారు.

“శానా బాగుండాది అన్నా. మాగ్గూడా ఒకటి కట్టించు.”

“కట్టిస్తాలేప్పా. ఎండకు వదిలితే ఎన్నాళ్లుంటాది మిషను? మనమే ఉండలేకపోతాంటే!”

ఆ ఎండాకాలం మా వీధిలో ఇంకో రెండు ఏసీలకు బండల ఇళ్లు లేచాయి. మూడు ఇళ్లలోనూ గదులు చల్లబడలేదు. మూడు ఇళ్లలోనూ కరెంటును తిట్టుకున్నారు.

ఏసీతో పాటు వచ్చిన చిన్న పుస్తకం అట్టపెట్టెలోనే పడి ఉంటే నేను తీసి చదివాను. చేతికి ఏది దొరికినా చదివే అలవాటు నాది. బయటి పెట్టె ముందు అడ్డం ఏదీ ఉండకూడదని అందులో బొమ్మ వేసి మరీ చెప్పారు. గోడ ఉండాల్సిన చోట గోడ, దాని మీద పెద్ద ఎర్ర ఇంటూ గుర్తు. ఆ బొమ్మను నాయనకు చూపించాలని మూడుసార్లు హాలు దాకా పోయి, మూడుసార్లూ వెనక్కి వచ్చాను. డైరీలో మాత్రం ధైర్యంగా రాసుకున్నాను. డైరీకి ఎదురు మాట్లాడే నోరు లేదు కదా.

నిరుడు ఏసీ ఆడినా ఆడకపోయినా ఎవరికీ నష్టం లేకపోయింది. ఈ ఏడాది అలా కాదు. కర్నూలులో కాపురం ఉన్న మా అక్కకు మే చివర కాన్పు. తొలికాన్పు పుట్టింట్లో కావాలి. కానీ అక్కకు రక్తపోటు ఎక్కువగా ఉందని, వేడి తగలకుండా చూసుకోమని డాక్టరమ్మ చెప్పడంతో ఆమె అత్త ఒక మెలిక పెట్టింది. మైదుకూరు వచ్చి గది చూస్తానంది. ఏసీ బాగా చల్లగా ఉంటేనే కోడలిని పంపుతుంది, లేకుంటే కాన్పు కర్నూలులోనే.

కర్నూలు ఇంట్లో ఏసీ ఉంది. అది అత్తామామల గదిలో ఉంది. బావ ఉద్యోగం బెంగళూరులో. వేడి తట్టుకోలేనప్పుడు అక్క ఆ గదిలో, వాళ్ల మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటుంది. ఎనిమిదో నెల కడుపుతో, మామ గురక వింటూ. కోడలికి ఏసీ సౌకర్యం ఇచ్చామని వాళ్లు బంధువులందరికీ చెప్పుకున్నారు.

“కాళ్లు కూజాల్లెక్క వాచినాయి మే,” అంది అక్క ఫోనులో నాతో. “కాళ్లు చాపుకోవాలన్నా సిగ్గయితాది ఈడ. ఎట్లన్నా చేసి ఆ ఏసీని ఆడించండి. నాకు ఇంటికి రావాలనుండాది.” తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందని నాకు తెలుసు.

మా ఇంట్లో ఏసీని ఎండాకాలానికి సిద్ధం చేయడం అంటే ముందు దాని ముసుగు తీయడం. అమ్మ పాత చీర అంచులు వేసి కుట్టిన ముసుగు అది. తర్వాత పసుపు, కుంకుమ. స్విచ్చు వేసే ముందు నిమ్మకాయ తిప్పి బయట పారేయడం. ఇవన్నీ అయ్యాక మెకానిక్కును పిలవడం. వచ్చినాయన మాకు తెలిసిన భాయ్, పనిమంతుడు. లోపలి జల్లెడలు ఊడదీసి కడిగితే ఏడాది దుమ్ము బురదై కారింది. వెనక రేకులను పంపుతో కడిగాడు. నీళ్లు పోయే గొట్టం ఊది చూశాడు. మిద్దె మీదికి పోయాక మాత్రం చిక్కు వచ్చింది. బండల ఇంట్లో ఉన్న పెట్టెను కడిగేదెలా? కంతలోంచి గొట్టం దూర్చి నీళ్లు చిమ్మాడు. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తున్నట్టుంది. నాయన పక్కన నిలబడి, “సూసినావా భాయ్, ఒక్క చుక్క ఎండ తగలదు” అన్నాడు.

“ఔను సాబ్, ఎండ తగలదు,” అన్నాడు భాయ్.

కిందికి వచ్చి వేస్తే పావుగంట చల్లగా వచ్చి, తర్వాత ఉత్త గాలి వచ్చింది. గ్యాసు తక్కువైందేమో చూస్తానన్నాడు భాయ్. నాయన ముఖం వెలిగింది. గ్యాసు తక్కువ కావడం గౌరవమైన జబ్బు, అందులో ఆయన తప్పేమీ లేదు. గ్యాసు ఎక్కించినా ఆ పావుగంట ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

టీ ఇచ్చే వంకతో మెట్ల దగ్గర భాయ్‌ను అడిగాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

“ఆ బండలు తీస్తే బాగయితాది గదా?”

ఆయన అటూ ఇటూ చూశాడు. “నాకు తెల్దా బేటీ? మిద్దెక్కినప్పుడే తెల్సు. పెద్దాయన ముచ్చటపడి కట్టించుకున్న్యాడు. తీయమంటే మళ్లీ నన్ను పిలుస్తాడా? నీకు తెల్సు గదా, నువ్వు చెప్పు.”

పనిమంతుడై ఉండి ఇంత పిరికివాడేమిటని ఆయన మీద కోపం వచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకుని వంటింటి దాకా వచ్చేసరికి ఆ కోపం నిలవలేదు. ఆయనకు బండల సంగతి తెలిసి గంటయింది. నాకు తెలిసి ఏడాదయింది.

గురువారం మధ్యాహ్నం వియ్యపురాలు దిగింది. ఆ ముందురోజు రాత్రి ఓ అకాలపు వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది. మా పొడి ఎండకు ఆ తేమ తోడై ఒళ్లంతా జిడ్డుగా ఉడికిపోతోంది. నాయన అప్పటికే ఏసీని పదహారు మీద పెట్టి సిద్ధంగా ఉన్నాడు. అంకె ఎంత చిన్నదైతే గది అంత తొందరగా చల్లబడుతుందని ఆయన నమ్మకం. ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. బాగానే ఉందన్నట్టు తలాడించింది. నాయన బండల గొప్ప చెప్పడం మొదలుపెట్టాడు. పావుగంట అయింది. ఆమె పైటకొంగుతో మెడ తుడుచుకుంది.

“అన్నా, ఇది ఏసీనా, ఫ్యానా?”

“ఓల్టేజీ ల్యాదక్కా. ఈ పొద్దు కరెంటు సరిగ్గా ల్యా.”

“మా ఊరికి గూడా ఇట్లాంటి తీగల్లోనే వస్తాది గదన్నా కరెంటు. మాకు చల్లగానే ఉంటాదే!”

“రోజూ బాగుంటాది వదినా,” అని అమ్మ మజ్జిగ చేతికిచ్చింది. అమ్మ అబద్ధం చెప్పినప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది.

“ఉంటాదిలే వదినా, నేను కాదన్ల్యా. పాప కర్నూల్లోనే ఉండనీలే. మా గదిలో సాప ఎట్లా ఉండనే ఉండాది.”

చాప అన్న మాట ఆమె ఎంత ఉదారంగా అందో! నాయన ఇంకా ఓల్టేజీ గురించే చెబుతున్నాడు. కూతురు చేజారిపోతుంటే ఆయన కరెంటును వెనకేసుకొస్తున్నాడో తిడుతున్నాడో కూడా తెలియడం లేదు. ఆ ముగ్గురినీ చూస్తూ గుమ్మం దగ్గర నిలబడిన నాకు, వాళ్లకంటే నేనే ఎక్కువ అసహ్యంగా కనిపించాను. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

స్నానాలగది వెనకాల గడ్డపార ఉంటుంది. తీసుకుని మిద్దెక్కాను. చెప్పుల అడుగున కూడా మిద్దె కాలుతోంది. ముందు బండ కంతలో గడ్డపార మొన దూర్చి, రెండో కొస మీద నా బరువంతా వేశాను. ఏమీ కాలేదు. నాయన పూయించిన సిమెంటు ఆయన మాటలాగే గట్టిది. నాలుగోసారికి పైన అతుకు చిట్లింది. ఆరోసారికి బండ ముందుకు ఒరిగి, నేను పక్కకు దూకేసరికి, ఢామ్మని పడి రెండు ముక్కలైంది. లోపలినుంచి వచ్చిన వేడి పొయ్యి మీది మూత తీసినట్టు ముఖానికి కొట్టింది. ఏడాదిగా ఆ పెట్టె దాన్నే పీల్చి దాన్నే వదులుతోంది.

కింద నుంచి నాయన గొంతు వినిపించింది. “ఏం ల్యాదక్కా, పక్కింట్లో మిద్దె పని జరుగుతాంది.”

దిగి వచ్చి అమ్మ చెవిలో, ఏసీ ఆపి కాసేపుండి మళ్లీ వేయమన్నాను. అమ్మ నా చేతుల మీది సిమెంటు పొడి చూసి, రిమోటు నొక్కింది. భోజనాలయ్యాయి. పావుగంట దాటింది, అరగంట దాటింది. చల్లగాలి ఆగలేదు. వియ్యపురాలు పైట భుజం చుట్టూ కప్పుకుంది. పంపనని చెప్పడానికి ఇంకో కారణం వెతికింది కానీ దొరకలేదు.

“సరేలేన్నా. వచ్చే వారం తెచ్చి దింపుతాం.”

“చెప్పినా గదక్కా, ఓల్టేజీ వచ్చిందంటే దీనికి తిరుగు ల్యాదని!”

సాయంత్రం నాయన మిద్దెక్కాడు. చాలాసేపు దిగలేదు. దిగాక చెంబెడు నీళ్లు తాగి, నా వైపు ఒకసారి చూసి అంగడికి పోయాడు. నేను రెండు రోజులు ఆయన ఎదుట పడలేదు. మూడో రోజు కూరగాయలకు పోతూ అంగడి ముందు ఆయన మాట విన్నాను.

“ముందర బండ ఉండగూడదప్పా. గాలి ఆడల్ల గదా మిషనుకు. నేను ఆలోచన జేసి తీయించినా. మీరూ తీయించండి.”

“ఔనా అన్నా? నువ్వే గదా పెట్టమన్న్యావు!”

“అప్పుడు అప్పుడే, ఇప్పుడు ఇప్పుడే.”

ఆ మాటకు వాళ్లందరూ మెచ్చుకోలుగా తలలూపారు. కాదనే పని నేనూ చేయలేదు. ఆయన గొప్ప ఆయన దగ్గర ఉండనిచ్చి, టమాటాలు కొనుక్కుని వచ్చేశాను.

అక్క మే మొదటి వారంలో వచ్చింది. మధ్యాహ్నం గదిలో మంచం మీద కాళ్లు బారచాపుకుని పడుకుంది. వాచిన పాదాల కింద నేను రెండు దిండ్లు పెట్టాను. బయట రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. ఆమె నిద్రపోయిందనుకుని నేను పుస్తకం తెరిచాను.

“మే,” అంది కళ్లు తెరవకుండా. “చలేస్తాంది. దుప్పటి ఇయ్యి.”

అలమరలో అన్నింటికన్నా బరువైన దుప్పటి వెతికి తెచ్చి, మెడ దాకా కప్పాను.