గడ్డి మీది ఎండ

తెల్ల పెట్టె దగ్గరికి వెళ్ళే ముందు ఆయన ప్రతిసారీ ఎడమకాలి చెప్పు విడిచేవాడు. ఒట్టి పాదం గడ్డి మీద ఆనించి, వేళ్ళ సందుల్లోకి చెమ్మ ఎక్కేదాకా ఆగేవాడు. ఎక్కకపోతే కొళాయి తిప్పేవాడు. ఎక్కితే తృప్తిగా తల ఊపి చెప్పు తొడుక్కునేవాడు.

ఆ పెట్టె గాలి ఆడే చెక్క రెక్కల గోడలతో నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. లోపల ఉష్ణమాపకం. మధ్యాహ్నం దాని అంకె చూసి పెద్దాఫీసుకు ఫోన్లో చెప్పడం ఆయన ఉద్యోగం. అంకె ఒక హద్దు దాటితే ఊళ్ళో ఆరుబయట పనులన్నీ ఆపాలి. దాటకపోతే అక్కర్లేదు. వీధిలో ఆయన్ని ఎండాయన అంటారు.

"ఎండాయనా, ఇవాళ ఎంత కాయమన్నావ్?" అని గేటు దగ్గర ఇస్త్రీ బండివాడు రోజూ అడుగుతాడు.

"నీ బొగ్గులు మిగిలేంత కాయమన్నాలే."

పెట్టె చుట్టూ గడ్డి ఉండాలని నియమం. పచ్చగా ఉండాలని ఎక్కడా లేదు. కానీ ఆయన చేరిన కొత్తలో ఎండిన గడ్డి చూసి పై అధికారి మొహం చిట్లించాడు. ఆ చిట్లింపు ఆయన మనసులో నాటుకుపోయింది. అప్పటినుంచీ నీళ్ళు పెడుతున్నాడు. ఈలోగా ఊళ్ళో మడుగులు పూడ్చారు, చెట్లు కొట్టారు, మట్టి కనబడిన చోటల్లా సిమెంటు పోశారు. వానలు తప్పాయి. మిగిలిన నేల పగిలింది. ఈ ఆవరణ ఒక్కటే పచ్చగా ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు దాని ముందు ఫోటోలు దిగేవారు.

ఆయన చెల్లెలు రోడ్డు పని చేస్తుంది. తారు, కంకర. ఆ వేసవిలో ఆమె వీపు మీది చెమటపొక్కులు చీము పట్టాయి. అన్నం చూస్తే వెగటు, నీళ్ళు తాగినా వెగటు. అంకె మాత్రం హద్దుకు కాస్త కిందే ఆగుతోంది. "ఎండా? ఆఫీసువాళ్ళు లేదంటున్నారుగా," అనేవాడు మేస్త్రీ, గొడుగు కిందనుంచి.

ఒక మధ్యాహ్నం ఆమె తూలుకుంటూ ఆవరణలోకి వచ్చింది. మోకాళ్ళ మీద పడి గడ్డిలో కక్కింది. పసరు తప్ప ఏమీ లేదు. ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోశాడు. కాసేపటికి తేరుకుని ఆమె అరచేత్తో గడ్డి నిమిరింది.

"అన్నయ్యా, ఇక్కడ చల్లగా ఉందేం?"

"పొద్దున తడిపానే."

"రోజూనా?"

"రోజూ. లేకపోతే ఎండిపోదూ?"

ఆమె పెట్టె వైపు చూసింది. "దీన్ని చూసేనా నువ్వు చెప్పేది? కడుపునిండా తిన్నవాణ్ణి కూర్చోబెట్టి, ఊళ్ళో ఆకలెంత అని అడిగినట్టుంది."

"నియమం ప్రకారమే కదే..."

"నియమం నీళ్ళు పొయ్యమందా?"

ఆయన లేచి రెండు చెప్పులూ విడిచాడు. ఒక కాలు గడ్డిలో, ఒక కాలు గేటు అవతల పగిలిన నేల మీద పెట్టాడు. అవతలి కాలు వెంటనే లాక్కున్నాడు.

తడి నేల తన మీద పడ్డ ఎండను నీళ్ళు ఆవిరి చెయ్యడానికి ఖర్చు పెడుతుంది. ఎండిన నేల దగ్గర ఆ నీళ్ళు లేవు. వచ్చిన ఎండను వచ్చినట్టే గాలి ముఖాన కొడుతుంది. వేడెక్కిన గాలి నేలలో మిగిలిన చెమ్మను కూడా పీల్చేస్తుంది. మర్నాడు ఇంకా వేడి. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఆయనకు చిన్నప్పుడే తెలుసు. ఉష్ణమాపకాన్ని కుండలో పెట్టానని మాత్రం తట్టలేదు.

ఫోన్ చేశాడు. "సార్, ఇన్నాళ్ళూ నేను చెప్పింది గడ్డి మీది ఎండ సార్. ఊరి ఎండ కాదు."

"వారంలో తనిఖీ ఉందయ్యా," అన్నాడు అధికారి. "ఊళ్ళో పనులు ఆగితే నాకు చివాట్లు. మాట్లాడకుండా నీళ్ళు పెట్టు."

ఫోన్ పట్టిన చేతిని ఆయన చొక్కాకు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ కంటికి ఆననివి కనబడ్డాయి. కొళాయి కింద పాకుడు. గడ్డి మొదళ్ళలో నత్తలు, వాటి జిగురు. మురిగిన వాసన. చెల్లెలు కక్కిన చోట ఈగలు. వీటన్నిటికన్నా తన ఎడమ పాదం మీద రోత పుట్టింది. ఊరు ఉడుకుతుంటే ఆ పాదం సుఖం చూసుకున్నాడు. వేళ్ళ మధ్య చెమ్మ ఎవరిదో ఉమ్మిలా తగిలింది.

చెల్లెల్ని ఇంటి దగ్గర దింపుతూ, "రేపు వెళ్ళకే," అన్నాడు.

"నేనొక్కదాన్నీ మానేస్తే పేరు కొట్టేస్తారు. నీ అంకె దాటితే అందరం మానేస్తాం."

"అబద్ధం చెప్పనా?"

"ఇప్పుడు చెప్తున్నదేంటి మరి?"

మర్నాడు పొద్దున ఆయన చెప్పు విడవలేదు. రెండు చెప్పులతోనూ గడ్డి తొక్కుకుంటూ వెళ్ళి, పెట్టె కాళ్ళకున్న మేకులు ఊడబెరికాడు. ఇస్త్రీ బండివాణ్ణి కేకేశాడు.

"అటు పక్క పట్టుకో."

"ఎక్కడికి ఎండాయనా?"

"ఎండలోకి."

ఇద్దరూ మోసుకెళ్ళి, గేటు అవతల పగిలిన నేల మీద దింపారు.