మైనస్ అక్క కరెంటు కోటు

చలిని ఓర్చుకోవడం గొప్ప గుణమని మొదట చెప్పినవాడెవడో గానీ, కంబళి కప్పుకుని, చేతిలో వేడివేడి టీ పట్టుకునే చెప్పి ఉంటాడు. చలిలో నిజంగా నిలబడ్డవాళ్లకి ఉపన్యాసాలిచ్చే వీలుండదు. పళ్లు కొట్టుకుంటూ ఉంటాయి.

మైనస్ అక్క ఆ చలిలో ఇరవై రెండేళ్లు నిలబడింది. ఊరి అంచున ఉన్న కోల్డ్ స్టోరేజీలో ఆమె ఉద్యోగం. లోపల ఎప్పుడూ సున్నాకి ఇరవై డిగ్రీలు కిందే. బయట ఎండ మండుతున్నా, వాన కురుస్తున్నా ఆ గదికి పట్టదు. లారీల్లో వచ్చే బఠాణీలు, చేపలు, ఐస్‌క్రీం సరిగ్గా గడ్డకట్టి ఉన్నాయో లేదో కొలవడం ఆమె పని. మైనస్ పద్దెనిమిది గానీ, అంతకన్నా చల్లగా గానీ ఉంటే సరుకు లోపలికి. లేకపోతే లారీ వచ్చిన దారినే వెనక్కి. రోజంతా "మైనస్ పందొమ్మిది! మైనస్ ఇరవై!" అని కేకలు పెట్టే మనిషికి ఆ పేరు కాక ఇంకేం పేరు వస్తుంది?

కొలిచే పద్ధతి సులువే. మీటరుకి పల్చటి రేకు ఒకటి ఉంటుంది. దాన్ని రెండు అట్టపెట్టెల మధ్యకి దూర్చాలి, కాసేపాగాలి, అంకె చూడాలి. ఆ కాసేపు ఎంతన్నది అక్క ఎప్పుడో తేల్చేసింది: మనసులో ముప్పై లెక్కపెట్టడం. ముప్పై అయ్యేలోపు మీటరు వంక చూసేది కూడా కాదు. ఆ సమయాన్ని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే బుల్లెట్‌ని తిట్టడానికి వాడుకునేది. నత్తకి పోటీగా బండి నడుపుతాడు కాబట్టే అతనికి బుల్లెట్ అని పేరు.

"ఒరేయ్, ఆ పెట్టెలు కరిగి నీళ్లయ్యేలోపన్నా ర్యాక్‌కి చేరుస్తావా?"

"ఇక్కడ కరగవక్కా. అందుకే కదా తొందరపడనిది."

ఉద్యోగంలో చేరిన ఇరవై ఒకటో ఏట అక్క వేళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. కలం పట్టుకుంటే జారేది. సంతకం పెడితే కోడి గీకినట్టుండేది. నడుం పట్టేసి, వంగిన మనిషి లేవడానికి ర్యాక్ ఆసరా కావాల్సి వచ్చేది. డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు: చలిలో పని మానెయ్యాలి, లేదా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలి. ఆ కాగితం చూసిన మేనేజరుకి మొదటి సగమే కనబడింది.

"పైన ఆఫీసు గదిలో మీకో కుర్చీ వేయిస్తానమ్మా. హాయిగా కూర్చుని కాగితాలు చూసుకోండి."

అందరూ అదృష్టమన్నారు. అక్కకి మాత్రం అలా అనిపించలేదు. కింద ఆమె ఒక్క మాటంటే ఇంత పొడుగు లారీ మారుమాట్లాడకుండా వెనక్కి తిరిగేది. పైన కిటికీ తెరవాలన్నా నలుగురినడగాలి. ఆ కుర్చీలో అంతకుముందు కూర్చున్న ఇద్దరి పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవు.

"ఈ నెలాఖరు దాకా చూడండి సార్. వణక్కుండా, తప్పు రాకుండా పని చేస్తే ఇక్కడే ఉండనివ్వండి."

"తప్పొస్తే?"

"మీ కుర్చీ మీరు వేయించండి."

మొదట మూడు స్వెటర్లు ఒకదానిమీద ఒకటి తొడిగి చూసింది. చేతులు కిందికి దిగలేదు. "అక్కా, బస్తాలా ఉన్నావు. ఎత్తి ర్యాక్‌లో పెట్టెయ్యనా?" అన్నాడు బుల్లెట్. "పెట్టు. సాయంత్రానికల్లా ర్యాక్ దాకా తీసుకెళ్లగలిగితే" అంది అక్క.

దారి చూపించింది ఆడపడుచు. ఆవిడ మోటార్‌సైకిల్ మీద ఊళ్లు తిరిగి పార్సిళ్లు అందించే మనిషి. ఒక ఆదివారం హెల్మెట్ తియ్యకుండానే ఇంట్లోకి వచ్చి, నల్లటి చేతుల్లేని కోటొకటి వదినగారి ఒళ్లో పడేసింది.

"వేసుకో వదినా. నేను కొత్తది కొనుక్కున్నా."

"ఇదేంటి, దీనికి చేతులే లేవు?"

"చేతులు నీకున్నాయిగా."

కోటు లోపల వీపు దగ్గర, పొట్టకి రెండు పక్కలా పల్చటి పట్టీలు కుట్టి ఉన్నాయి. లోజేబులో సబ్బుబిళ్లంత బ్యాటరీ. గుండె దగ్గర ఒక బొత్తాం. నొక్కితే ఎర్రగా వెలిగింది.

"కరెంటు కొడుతుందేమోనే!"

"కొడితే మా అన్నయ్యకి కబురు చెయ్యి. సంతోషిస్తాడు."

"నన్ను మధ్యలోకి లాగకండి" అన్నాడు ముందు గదిలోంచి అన్నయ్య. ఆయన ఇంట్లోనే ఇస్త్రీ కొట్టు నడుపుతాడు. పొద్దుటి నుంచి ఆవిరిలో ఉడికి, సాయంత్రానికి కిటికీలన్నీ బార్లా తెరవమంటాడు. అక్క గడ్డకట్టి వచ్చి అన్నీ మూసెయ్యమంటుంది. ఆ ఇంట్లో కాపురం సగం కిటికీ రెక్క దగ్గరే గడిచింది.

ఆడపడుచు పాఠం చెప్పింది. పల్చటి చొక్కా మీద ఇది, దీని మీద పని కోటు. పైన వేసుకుంటే వేడంతా గాలికే. బ్యాటరీ లోజేబులోనే ఉండాలి, చలి తగిలితే తొందరగా చచ్చిపోతుంది. మొదటి పది నిమిషాలు ఎర్ర లైటు, అంటే ఎక్కువ వేడి; ఆ తర్వాత నీలం, అంటే తక్కువ. "రోజంతా ఎర్రలో పెట్టావనుకో, చెమట పడుతుంది. చెమటతో ఆ గదిలోకెళ్తే నిన్నూ చేపల పక్కన పేరుస్తారు. ఉతికేటప్పుడు బ్యాటరీ తియ్యాలి. అన్నయ్యా, నీకే చెప్తున్నా, ఇస్త్రీపెట్టె దీని జోలికి రాకూడదు!"

"నేను ఇస్త్రీ చెయ్యకూడని బట్ట నా ఇంట్లోనా!" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున అక్క ఆ కోటుతో గదిలోకి అడుగుపెట్టింది. ఐదు నిమిషాలకి వీపు మధ్యలో ఎవరో అరచెయ్యి ఆనించినట్టనిపించింది. పదో నిమిషానికి నడుం సడలింది. పావుగంటకి వేళ్లు ఒకటొకటిగా తిరిగొచ్చాయి, అలిగి పుట్టింటికెళ్లినవాళ్లలా. వేళ్లకేమీ తొడగలేదు, ఒళ్లు వెచ్చగా ఉంటే రక్తమే అక్కడిదాకా వెళ్లి పలకరిస్తుంది. ఆ రోజు రిజిస్టరులో సంతకం గుండ్రంగా పడింది. అక్క ఈల వేసింది. బుల్లెట్ బండి ఆపేశాడు.

"ఏమైందక్కా? ఒంట్లో బాలేదా?"

విశ్రాంతి గదిలో పైకోటు విప్పి, బొత్తాం నొక్కి ఎర్రగా వెలిగించి చూపించింది. "నీకు ఇండికేటర్ కూడా పెట్టారే! ఎటు తిరుగుతావో ముందే తెలుస్తుంది" అని సంబరపడ్డాడతను.

మూడు వారాలు పండగలా గడిచాయి. నెలాఖరుకి నాలుగు రోజులుందనగా అక్కకి జాలి కలిగింది. జాలి మనుషుల మీద కలిగితే పెద్ద ప్రమాదం లేదు. ఆమెకి మీటరు మీద కలిగింది. పైకోటు బయటి జేబులో ఉండే ఆ మీటరు చలికి మసకబారి, అంకెలు సరిగ్గా కనబడేవి కావు. 'నేను వెచ్చగా ఉన్నాను, పాపం ఇదేం చేసింది' అనుకుని, దాన్ని తీసి కరెంటు కోటు లోజేబులో, వేడి పట్టీ పక్కన పెట్టుకుంది.

మర్నాడు మొదటి లారీలో బఠాణీలు. రేకు దూర్చింది, బుల్లెట్‌ని తిట్టింది, ముప్పై కాగానే చూసింది. మైనస్ పదకొండు.

"వెనక్కి!"

రెండో లారీ చేపలది. మైనస్ పది. మూడోది ఐస్‌క్రీం. మైనస్ పన్నెండు. లారీకి నాలుగేసి చోట్ల కొలిచింది. కొలిచే ప్రతిసారీ మీటరు మళ్లీ వెచ్చటి జేబులోకే వెళ్లింది. మూడు లారీలూ ఆవరణలో అడ్డంగా నిలబడి హారన్లు మోగించాయి.

"అమ్మా, నా ఐస్‌క్రీం బండరాయిలా ఉంది. నెత్తిన కొట్టినా పగలదు. కొట్టి చూపించమంటారా?" అన్నాడు మూడో లారీ డ్రైవరు.

"మీ నెత్తినైతే కొట్టుకోండి. మీటరు అబద్ధం చెప్పదు."

గోల విని మేనేజరు తన మీటరు పట్టుకుని కిందికి దిగాడు. ఐస్‌క్రీం లారీ ఎక్కి రేకు దూర్చాడు. ఆయనకి ఈ పని అలవాటు లేదు. అందుకని పుస్తకంలో రాసినట్టు, అంకె కదలడం ఆగేదాకా కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డాడు. అక్క ఆయన భుజం మీంచి తొంగి చూసింది. ముప్పై లెక్కపెట్టేసరికి మైనస్ పదకొండు. ఆయన కదల్లేదు. అంకె దిగుతూనే ఉంది. పధ్నాలుగు, పదహారు, పద్దెనిమిది. పందొమ్మిది దగ్గర ఆగింది.

అక్క తన లోజేబు తడుముకుంది. ఆయన మీటరు వెచ్చటి ఆఫీసులోంచి వచ్చింది, తనది వెచ్చటి జేబులోంచి. చల్లటి జేబులో పడుండే మీటరుకి ముప్పై చాలేది. వెచ్చబడ్డ మీటరు దిగిరావడానికి ముప్పై ఏ మూలకి?

"మీటరు పాడైందని చెప్పెయ్యక్కా" అని గొణిగాడు బుల్లెట్.

అక్క చెప్పలేదు. దీనికి నిజాయితీ అని పేరుపెట్టి దండలు వెయ్యక్కర్లేదు. పాడైందంటే కొత్త మీటరొస్తుంది, అదీ ఆ జేబులోకే పోతుంది, రేపు ఇంకో మూడు లారీలు హారన్ కొడతాయి. ఆమెకి పని తెలుసు, అంతే.

"మీటరు బాగానే ఉంది సార్. వెచ్చటి జేబులో పెట్టాను. ఆగాల్సినంత సేపు ఆగలేదు. తప్పు నాదే."

"అంటే కోటు వల్లేగా?"

"కోటు వల్ల కాదు సార్, నా జాలి వల్ల."

"ఏదైనా ఒకటే. తప్పొస్తే కుర్చీ అని మీరే అన్నారు. అయినా మా రోజుల్లో ఈ కోట్లూ బ్యాటరీలూ ఎక్కడివమ్మా? ఆరు నెలలు ఇదే గదిలో పనిచేశాను. మనసు గట్టిగా ఉంటే చలి ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యదు సార్. అయితే మీరూ రండి. మూడు లారీలూ మళ్లీ కొలవాలి, ఒక్కోదానికి పన్నెండు చోట్ల. నేను కొలుస్తా, మీరు రాయండి. ఆ తర్వాతే కుర్చీ."

మొదట మీటరుని చల్లటి గదిలో మేకుకి తగిలించి చల్లారనిచ్చింది. తర్వాత లారీ లోపల ఒక్కో చోటా అంకె ఆగేదాకా చూస్తూ పైకి చదివింది. మొదటి నాలుగూ మేనేజరు చక్కగా రాశాడు. ఐదోది గీతలా వచ్చింది. ఆరోది రాయబోతే కలం కిందపడింది. ఏడోదానికి "ప...ప...పందొ" దగ్గర ఆగిపోయాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు. మనసు గట్టిగానే ఉన్నట్టుంది, దవడే సహకరించలేదు.

అక్క ఆయన్ని మోచెయ్యి పట్టుకుని విశ్రాంతి గదిలోకి నడిపించింది. తన పైకోటు తీసి, కరెంటు కోటు విప్పి చేతికిచ్చింది.

"వేసుకోండి."

"నాకెందుకమ్మా" అంటున్నాడు గానీ చేతులప్పటికే దూరిపోయాయి. బొత్తాం ఎర్రగా వెలిగింది. రెండు నిమిషాలకి భుజాలు దిగాయి. నాలుగో నిమిషానికి మొహంలో చిన్నపిల్లాడు కనిపించాడు. బయట లారీలు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

"సార్, కోటు."

"ఒక్క నిమిషం."

"ఇందాకా ఒక్క నిమిషమే అన్నారు."

"ఇది... వీపు మీద కూడా ఉందే!"

"ఉంది సార్. ఇప్పుడిస్తారా? లేదంటే మీరే వెళ్లి కొలవండి, నేను పైకెళ్లి కూర్చుంటాను."

బుల్లెట్ గోడ పట్టుకుని మరీ నవ్వాడు. మేనేజరు కోటు విప్పిన తీరు చూస్తే చర్మం ఒలిచి ఇస్తున్నట్టుంది.

మిగిలినదంతా అక్కే కొలిచింది, అక్కే రాసింది. నలభై నిమిషాలు లోపల, పది నిమిషాలు బయట, మళ్లీ లోపలికి. ముప్పై ఆరు చోట్లా పందొమ్మిది, లేదా ఇరవై. మూడు లారీలూ సరుకు దించి వెళ్లిపోయాయి. రిజిస్టరులో పొద్దుటి అంకెల పక్కన "మీటరు వెచ్చగా ఉండగా కొలిచినవి, చెల్లవు, పొరపాటు నాది" అని రాసి సంతకం చేసింది. ఒక్క అక్షరం వంకర పోలేదు. ఆ పేజీని మేనేజరు తన గదికి తెప్పించుకుని, తాను రాసిన ఏడు వరసల్నీ, ఆమె రాసిన ఇరవై తొమ్మిదింటినీ చాలాసేపు చూశాడని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం మూడింటికి, లారీలు సరుకు దించే డాక్ దగ్గరి ఫోన్ మోగింది.

"అక్కా" అన్నాడు మేనేజరు. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. "మీకోసం పైన కుర్చీ వేయించాను చూడండి."

అక్క ఫోను గట్టిగా పట్టుకుంది. "ఆ సార్."

"దానిమీద ప్రింటర్ పెట్టించేశాను. ఇక అక్కడ చోటు లేదు. కిందే సర్దుకోవాలి మీరు."

"అయ్యో, అలాగా సార్."

"ఇంకో మాట. ఆ కోట్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి. నాలుగు తెప్పిద్దాం."

"లోపల పనిచేసేది ముగ్గురమే కదా సార్? నాకెటూ ఉంది. రెండు చాలు."

"మీదైనా పాతబడుతుందిగా. మూడు."

"మరి నాలుగోది?"

అవతల కాగితాలు సర్దిన చప్పుడైంది.

"తనిఖీకి."

"ఏం తనిఖీ సార్?"

"పెట్టేస్తున్నా" అని పెట్టేశాడు.

అప్పటికే ఇంకో లారీ వెనక్కి వస్తూ డాక్‌కి ఆనుకుంటోంది. అక్క పైకోటు బిగించుకుని, తలుపు తోసి, పొగలా బయటికి దూకిన చల్లగాలిలోకి నడిచింది. "రానీ, రానీ, ఇంకొంచెం రానీ" అన్న ఆమె కేక గదిలోంచి ఆవరణంతా వినిపించింది.