కారుకు తెచ్చిన మంజీర నీళ్లు

మొన్న మా అల్లుడితో కలిసి సంగారెడ్డిలో ఒక కార్ల షెడ్డుకు వెళ్లవలసి వచ్చింది. అతను ఈ మధ్యే ఒకరు వాడిన కారు కొన్నాడు. తొక్కితే గాలిలో పోయే జోరు బండట, అలాంటిదాన్ని ఆగిపోయాక కాదు, బాగా నడుస్తున్నప్పుడే చూపించుకోవాలని ఎవరో చెప్పారట. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారిని చూసుకుని తిరిగి వస్తున్నాం కాబట్టి నేనూ కారులోనే ఉన్నాను. మనుమలు బడికి పోతున్నప్పుడు, ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఎక్కడ రాత కనిపించినా కూడబలుక్కుని చదివితే తప్ప నాకు తోచదు. షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో ‘బండి చెడకముందే చూపించండి’ అని రాసి ఉంది. అది చదవడం పూర్తయ్యేసరికి మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్‌ను చల్లబరిచే ఆకుపచ్చని కూలెంటు పోస్తూ, ఇదివరకు దీంట్లో ఏం నీళ్లు పోశారని మా అల్లుణ్ని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు నా మనసు పటాన్‌చెరు పక్కన మా పాత ఇంటి వాకిట్లోకి, అక్కడి రేకుల షెడ్డు కిందికి వెళ్లిపోయింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే ఇంటికొక కొలువు వస్తుందని మనమంతా ఎంత సంబరపడ్డామో. కొలువులు వచ్చిన మాట నిజమే. ఆ తర్వాత బావి నీళ్ల మీద నూనె తెట్టులాంటిది తేలితే బోరు వేసుకున్నాం, వరి మడి ఎర్రబారింది, బర్రెలు వాగు నీళ్లకు మూతి పెట్టడం మానేశాయి. మా ఆయన నాగలి అటక మీద పెట్టి, డ్రైవింగు నేర్చుకుని, ఒక ఫ్యాక్టరీ సేటు దగ్గర పనికి కుదిరాడు.

ఆ సేటు బొంబాయి నుంచి ఒక పరదేశీ కారు తెప్పించాడు. ముందు ఎవరో పెద్దమనిషి నడిపి వదిలేసిన పాత బండే అయినా, నల్లగా నిగనిగలాడుతూ, నిలబడి ఉన్నా ఉరకబోతున్నట్టే ఉండేది. సేటుకు బొంబాయి రోడ్డు మీద దాన్ని ఉరికించడం మహా ఇష్టం. దాని ఆలనాపాలనా అంతా మా ఆయనదే. పొద్దున్నే ముఖం కడుక్కోకముందే బానెట్ ఎత్తేవాడు, ఆయిల్ పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకు పట్టి చూసేవాడు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలనేవాడు. దూరం పోయి వచ్చాక వెంటనే ఆపేయకుండా ఇంజన్‌ను వాకిట్లో కాసేపు ఊరికే తిరగనిచ్చేవాడు, ఉరికి వచ్చిన ఎద్దును కట్టేసే ముందు కాసేపు నడిపించమా అని మాకు చెప్పేవాడు. లోపలి బెల్టు చూడ్డానికి కొత్తదానిలాగే ఉన్నా గడువు దాటిందని పట్టుబట్టి మార్పించాడు.

ఫ్యాక్టరీ ఆవరణలో నిలిపితే పొగకు రంగు మీద మచ్చలు పడుతున్నాయని సేటే మా వాకిట్లో రేకుల షెడ్డు వేయించాడు. గాలి మా ఇంటి వైపు తిరిగిన రోజు కారు మీద మందపాటి గుడ్డ కప్పి, మేము ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్లం. మా అత్త అది చూసి, “ఏం కొడుకా, శాలువ గప్పుతున్నవ్, దానికేమన్న సన్మానమా?” అని నవ్వేది. ఆమె నవ్వుతుంటే ఇల్లంతా నవ్వేది.

ఆ నవ్వే మెల్లమెల్లగా తగ్గిపోయింది. ఆమెకు తిన్నది ఇమడటం మానేసింది, పాదాలు ఉబ్బాయి, ఒంటి మీద చర్మం పొలుసులుగా లేచింది. సంగారెడ్డిలో డాక్టరు చూసి, మందులు తర్వాత, ముందు మీ బోరు నీళ్లు మానెయ్యండి అన్నాడు. మానేసి ఏం తాగాలి? ట్యాంకరు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, వస్తే బిందెలతో కొట్టుకోవడమే సరిపోయేది. మా ఆయన చూద్దాం అన్నాడు. ఆ రోజుల్లో మాకు దేనికైనా అదొక్కటే జవాబు.

అంతలో ఒకరోజు బొంబాయి రోడ్డు మీద కారు పొగలు కక్కి ఆగిపోయింది. హైదరాబాదు నుంచి మెకానిక్ వచ్చి మా వాకిట్లోనే విప్పాడు. లోపలి భాగాలు చెదలు తిన్న కట్టెలా అయి ఉన్నాయి.

“ఏం నీళ్లు పోసినవ్ భాయ్ దీంట్ల?”

“మా బోరు నీళ్లే అన్నా. మేం గవ్వే తాగుతం.”

“మీరు తాగుతె తాగున్రి, ఇంజన్ మాత్రం సస్తది. జల్దీ మార్చు.”

మేమంతా అక్కడే నిలబడి ఉన్నాం. ఆ మాటకు ఎవరమూ ఉలిక్కిపడలేదు. ఇంకోసారి దారిలో ఆగితే తాళంచెవి ఇచ్చి వెళ్లిపొమ్మని సేటు అన్న మాటే మా అందరి మనసుల్లో ఉంది. మర్నాడే మా ఆయన సేటు పని మీద సంగారెడ్డి పోయి, కోర్టు వెనక వీధి నల్లా దగ్గర వరసలో నిలబడి, డబ్బాల నిండా మంజీర నది నీళ్లు పట్టుకొచ్చాడు. ఇంజన్‌కు కొన్ని, కడగడానికి కొన్ని. బోరు నీళ్లతో కడిగితే నల్ల రంగు మీద తెల్ల మచ్చలు పడేవి మరి. తెచ్చినప్పుడల్లా డబ్బాలన్నీ షెడ్డులో గోనె సంచి కింద పెట్టి, ఎవరూ ముట్టవద్దని చెప్పి పోయేవాడు.

అలా చెప్పిపోయిన ఒక రోజు, గంజి కూడా ఇమడక గోడవైపు తిరిగి పడుకున్న అత్తను చూస్తూ చూస్తూ, నేను ఆ డబ్బాలోంచి ఒక చెంబు నీళ్లు ముంచి ఎసరు పెట్టాను. మా బోరు నీళ్లతో వండితే అన్నం పసుప్పచ్చగా దిగేది, సాయంత్రానికి తీగ సాగేది. ఆ రోజు మూత తీస్తే మల్లెపూలు పోసినట్టు ఉంది. అత్త ఒక ముద్ద తిని, “గిది మన బియ్యమేనా పిల్లా?” అని, ఇంకో ముద్ద అడిగింది.

మా ఆయన వచ్చి డబ్బా ఎత్తి చూసి, “నీళ్లు ఎవరు ముట్టిన్రు?” అని అరిచాడు. నేను నోరు తెరిచేలోగా అత్త మంచంలోంచే అందుకుంది. “నేనే తాగిన. డాక్టర్ జెప్తె సూద్దామన్నవ్, మెకానిక్ జెప్పంగనే తెల్లారెకల్ల తెచ్చినవ్. ఇగ నాకు గూడ గా మెకానిక్‌నే సూపియ్యి కొడుకా.”

ఆయన నవ్వబోయి, నవ్వలేక, ఆ డబ్బాను తెచ్చి అత్త మంచం పక్కన పెట్టాడు.

అప్పటినుంచి ఇంజన్‌కు కావలసినవి పక్కన పెట్టి, కారు కడిగే నీళ్లన్నీ అత్తకే ఇచ్చాడు. కారును పొడిగుడ్డతో తుడిచేవాడు. ఎంత తుడిచినా నల్ల కారు మీద దుమ్ము దాగదు కదా. బొంబాయి నుంచి పెద్ద అతిథులు వచ్చిన రోజు సేటు కారెందుకు కడగలేదని వాళ్లందరి ఎదుటా మా ఆయన్ని నిలదీశాడు. ఆయనకు అబద్ధం చేతకాలేదు, ఆ నీళ్లు మా అమ్మ తాగింది అని చెప్పేశాడు. సేటును చెడ్డవాడని నేను అనలేను. అడిగి ఉంటే కాదనేవాణ్నా అన్నాడట. అతని బాధ దొంగతనంగా తీసుకున్నందుకేనట. మా అత్త ఒక్కతి అడిగితే ఇచ్చేవాడేమో, ఊరంతా అడిగితే ఏమనేవాడో నాకు తెలియదు. ఆ సాయంత్రమే కొత్త డ్రైవరు వచ్చి కారు తీసుకుపోయాడు. తర్వాత రేకులు విప్పుకుపోయారు, డబ్బాలూ పోయాయి.

మా ఆయన లారీ మీద పనికి పోయి, సంగారెడ్డి మీదుగా వచ్చినప్పుడల్లా ఒక డబ్బా మోసుకొచ్చేవాడు. అత్త ఆ తెల్లన్నం కోసం గుమ్మం వైపు చూస్తూ ఉండేది. కానీ లోపల జరగవలసింది ఎప్పుడో జరిగిపోయింది, ఆ వానకాలం దాటలేదు ఆమె. ఇంజన్ అరిగితే సామాను మార్చొచ్చు అని మాత్రం మా ఆయన ఒకసారి అన్నాడు. 

మొన్న సంగారెడ్డిలో బానెట్ దించి, ఇక ఏళ్ల తరబడి ఫికరు లేదమ్మా అన్నాడు షెడ్డు మెకానిక్. మా అల్లుడు సంతోషపడ్డాడు, నేనూ పడ్డాను. దారంతా ఆ గోడ మీది రాతే నా కళ్లముందు మెదిలింది. అలాంటి రాత మా బావి గట్టున ఎవరైనా రాసి ఉండవలసింది, రాసినా అప్పుడు నాకు చదవను వచ్చేది కాదనుకోండి. ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ మంజీర నల్లా ఉంది, ఆటోలో నీళ్ల డబ్బాలు వస్తాయి, అన్నం పచ్చగా దిగుతుందంటే మా మనుమరాలు కథ చెబుతున్నావంటుంది. నేను మాత్రం ఇప్పటికీ మూత తీయగానే, మెతుకు ఉడికిందో లేదో తర్వాత, ముందు రంగు చూస్తాను.