బాపు బతికుండగా తీసిన మీసం

మా ఇంట్లో అద్దం బాపు ఎత్తుకు కొట్టిన మేకుకు వేలాడేది. కొడుకునైనా నేను ఆయనకన్నా జానెడు పొట్టి. హైదరాబాద్‌లో బి.ఏ. పూర్తిచేసి నాందేడ్ తిరిగొచ్చాక కూడా ఆ అద్దంలో నాకు కనిపించేది నా పాపట ఒక్కటే. మేకు కాస్త దించుదామంటే గోడ పాడవుతుందనేవాడు. అందుకే మీసాన్ని అందాజుగా కత్తిరించుకునేవాణ్ణి. ఎడమవైపు కాస్త ఎక్కువుందని బజారులో చెప్పేవారు.

ఆ ఏడు మా జతగాళ్లంతా కలిసి ఒక మరాఠీ నాటకం పట్టారు. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కని రోజులు. రాణి వేషం నాకిచ్చారు. సన్నటి నడుము, సన్నటి గొంతు. కాలేజీ మెస్సు తిండి వృథాపోలేదు. ఆ వేషం మీద నాకెప్పటినుంచో కన్నుంది గానీ, బతిమాలించుకున్నాకే ఒప్పుకున్నాను.

నేర్పేది ఒక ముసలాయన. వయసులో నాటక కంపెనీతో ఊరూరా తిరిగి ఆడవేషాలు కట్టినవాడు. ఇప్పుడు గాజుల దుకాణం. తొమ్మిది గజాల చీర కట్టి నడవమన్నాడు. నడిచాను.

"నడుమెందుకు ఊపుతున్నవ్ పిల్లగా? గది మొగోడు అనుకునే ఆడది. నిజం ఆడది ఇంట్లకు అచ్చిందంటే ముందుగాల పొయ్యి దిక్కు సూస్తది. సూసి అడుగెయ్యి."

నాలుగేళ్లు తర్కశాస్త్రం చదివాను. ఇంత సూటి మాట అక్కడ ఎవరూ చెప్పలేదు. వారం రోజులు లేని పొయ్యిని చూస్తూ నడిచాను.

"నడక అచ్చింది. ఇగ మీసం తియ్యి," అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. మా ఇళ్లల్లో తండ్రి పోతేనే మీసం తీస్తారు. మా బాపు నిక్షేపంగా ఉన్నాడు. అడిగితే, "నేను సచ్చినంక తియ్యి," అన్నాడు. నాటకం ఆదివారం. ఆయన అంత తొందరలో ఉన్నట్టు కనిపించలేదు.

శుక్రవారం గాజుల దుకాణంలో, ముఖమంతా కనిపించే అద్దం ముందు, తీసేశాను.

బయటికి రాగానే, ఉమ్రిలో రైలెక్కి వచ్చిన మా మేనమామ ఎదురయ్యాడు. నా మూతి చూశాడు. "అయ్యో అల్లుడా!" అని వాటేసుకుని బజారంతా వినేలా ఏడ్చాడు. నేను నోరు తెరిచేలోపే మా ఇంటివైపు పరుగందుకున్నాడు. వెనకాల నేను.

బాపు అరుగు మీద జొన్నరొట్టె తింటున్నాడు.

"ఎవలు సచ్చిండ్రు?" అన్నాడు.

"నువ్వే, బావా," అన్నాడు మామయ్య.

బాపు నన్ను చూశాడు. రొట్టె పూర్తిచేశాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. సొంత తమ్ముడితో పదకొండేళ్లు మాట్లాడని మనిషి; నాకెన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకోసాగాను.

ఆదివారం మధ్యాహ్నం తెర లేచేసరికి మొదటి వరుసలో మామయ్య, పక్కన బాపు. "దేనికోసం నన్ను సంపిండో సూడాలె గద," అని అమ్మతో చెప్పి వచ్చాడట.

రెండో అంకంలో రాజు చనిపోతాడు. రాజమందిరంలో పొయ్యి ఉండదు. అయినా నేను ముందు ఆ లేని పొయ్యి వైపే చూశాను, వండింది ఇక ఎవరు తింటారన్నట్టు. ఆ తర్వాతే కూలబడి ఏడ్చాను. ఆడవాళ్ల వైపు ముక్కులు చీదిన చప్పుడు. మామయ్య తన బావ రెండోసారి పోయినట్టే ఏడ్చాడు.

తెర పడ్డాక బాపు లోపలికి వచ్చాడు. నేనింకా చీరలోనే ఉన్నాను. నా పైపెదవి వైపు చాలాసేపు చూశాడు.

"బాగనే ఏడ్చినవ్. నేను సచ్చేనాటికన్న మీసం మళ్ల పెంచురా. అప్పుడు తీసెతందుకు ఏమన్న ఉండాలె గద."